14 హాట్‌స్పాట్ల బొమ్మ: ఒక ఆన్‌లైన్ కోర్సు కేస్ స్టడీ

నేపథ్యం

పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ యంత్రాలను నడిపే సిబ్బంది కోసం ఒక సంస్థ ఆన్‌లైన్ కోర్సు నడుపుతోంది. అందులో రెండో మాడ్యూల్, రోజూ పని మొదలుపెట్టే ముందు యంత్రాన్ని ఎలా తనిఖీ చేయాలో నేర్పుతుంది. ఆ కోర్సును మొదట తయారుచేసింది నేను కాదు. అది అనుకున్నట్టు పనిచేయడం లేదని తేలాక బాగుచేయడానికి నన్ను పిలిచారు. సంస్థ, మనుషులు, యంత్రం మోడల్ ఎవరికీ గుర్తుకు రాకుండా వివరాలు వదిలేశాను, ఒకటి రెండు మార్చాను.

మాడ్యూల్ మొత్తానికి ఆధారం ఒకే ఒక ఫొటో. తలుపు తెరిచి ఉన్న కొత్త యంత్రాన్ని ఎదురుగా నిలబడి తీసిన ఫొటో అది. దాని మీద 14 చోట్ల హాట్‌స్పాట్లు, అంటే నొక్కితే స్పందించే ప్రాంతాలు పెట్టారు. ఒక్కో హాట్‌స్పాట్ మీద కూడిక గుర్తు ఉన్న చిన్న వృత్తం వెలుగుతూ ఆరుతూ ఉండేది. మౌస్‌ను దాని మీదికి తెస్తే భాగం పేరు కనిపించేది, నొక్కితే నాలుగైదు వాక్యాల వివరణతో పాపప్ తెరుచుకునేది. చూడటానికి ముచ్చటగానే ఉండేది. సంస్థలో అందరికీ నచ్చిన స్క్రీన్ కూడా అదే, అందుకే దాన్ని మార్చాలన్నప్పుడు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరాలు వచ్చిందీ దాని మీదే.

ఎదురైన సమస్య

నా దగ్గరికి రెండు ఫిర్యాదులు ఒకేసారి వచ్చాయి. మొదటిది, ఫోన్‌లో కోర్సు చేసేవాళ్లు ఒక భాగాన్ని నొక్కితే మరో భాగం వివరణ తెరుచుకుంటోందని. రెండోది, మాడ్యూల్ పూర్తిచేసినట్టు ఎల్‌ఎంఎస్‌లో (కోర్సులు నడిపి, ఎవరు ఎంత చేశారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో) నమోదైన వాళ్లే అసలు యంత్రం ముందు నిలబడి పరీక్ష ఇచ్చేటప్పుడు తనిఖీలో కొన్ని భాగాలను వదిలేస్తున్నారని. ముఖ్యంగా ఛాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ జల్లెడ దగ్గరికి చాలామంది వెళ్లడమే లేదని పరీక్ష తీసుకునే విషయ నిపుణురాలు చెప్పారు.

ఆ జల్లెడ ఎందుకంత ముఖ్యమో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను తీసుకున్న నిర్ణయాల్లో సగం దాని మీదే ఆధారపడ్డాయి. ఆవిరి పైనుంచి వచ్చి, తనకంటే బరువైన గాలిని కిందికి నెట్టి, అడుగున ఉన్న డ్రెయిన్ ద్వారా బయటికి పంపే రకం యంత్రం అది. జల్లెడలో దూది పీచు, కాగితం ముక్కలు పేరుకుంటే గాలి పూర్తిగా బయటికి పోదు. శుద్ధమైన ఆవిరి ఉన్నప్పుడు గేజ్ మీద 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం చూపితే లోపల ఉష్ణోగ్రత దాదాపు 121 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గాలి కలిసి ఉంటే అదే పీడనం దగ్గర ఉష్ణోగ్రత అంతకంటే తక్కువే ఉంటుంది. అంటే ఒక్క పీడనం ముల్లునే చూసి సరిపెట్టుకునే మనిషి మోసపోతాడు. పీడనం గేజ్, ఉష్ణోగ్రత గేజ్, అడుగున జల్లెడ, ఈ మూడింటినీ కలిపి చూడగలగడమే ఆ మాడ్యూల్ నేర్పవలసిన అసలు విద్య.

రెండు ఫిర్యాదులకూ కారణం ఒకటేనని సంస్థవాళ్లు నమ్మారు: ఫోన్‌లో తప్పు వివరణలు వస్తున్నాయి కాబట్టి జనం తప్పు నేర్చుకుంటున్నారని. వినడానికి సబబుగానే అనిపించింది. నేనూ మొదట అదే నమ్మి, పని అక్కడినుంచే మొదలుపెట్టాను.

మొదటి ప్రయత్నం: గురి సరిచేయడం

పాత బొమ్మను వెబ్ పేజీలు రాసే హెచ్‌టిఎంఎల్‌లోని ఇమేజ్ మ్యాప్ పద్ధతిలో చేశారు. ఈ పద్ధతిలో దీర్ఘచతురస్రం, వృత్తం, బహుభుజి అనే ఆకారాలతో ప్రాంతాలను గుర్తిస్తారు, వాటి కొలతలను పిక్సెళ్లలో ఇస్తారు. బొమ్మ చిన్న తెరకు తగ్గట్టు కుదించుకుపోయినా ఆ కొలతలు వాటంతట అవి కుదించుకుపోవు. 1200 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ మీద ఎడమ అంచునుంచి 900 దగ్గర ఉన్న గేజ్, 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెర మీద 270 దగ్గరికి జరుగుతుంది, కానీ దాని హాట్‌స్పాట్ 900 దగ్గరే, అంటే తెర బయట ఎక్కడో మిగిలిపోతుంది. ఫోన్‌లో గేజ్‌ను నొక్కినవాళ్లకు ఎడమవైపు ఉన్న తలుపు కీలు గురించిన వివరణ తెరుచుకోవడం వెనుక ఉన్న సంగతి ఇంతే.

దీనికి రెండు దారులున్నాయి: తెర వెడల్పు మారినప్పుడల్లా కొలతలను లెక్కకట్టి మార్చే స్క్రిప్టు పెట్టడం, లేదా బొమ్మతోపాటే సాగి కుదించుకునే ఎస్‌విజి (ఆకారాలను కోడ్‌తో గీసే చిత్ర పద్ధతి) పొరను పైన పరచడం. స్క్రిప్టు ఒక పూటలో అయిపోయేది. అయినా నేను ఎస్‌విజిని ఎంచుకున్నాను. మున్ముందు ఫొటోలు మారతాయని అప్పటికే అనుమానం ఉంది, ఆకారాలను కళ్లతో చూస్తూ గీసుకోగలిగితే ఆ పని మరొకరు కూడా చేయగలరు.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను. ఇమేజ్ మ్యాప్‌లో రెండు ప్రాంతాలు ఒకదాని మీద ఒకటి పడితే, కోడ్‌లో ముందు రాసిన దానికి క్లిక్ దక్కుతుంది. ఎస్‌విజిలో దీనికి పూర్తిగా తలకిందులు: తర్వాత రాసినది పైపొర అవుతుంది, క్లిక్ దానికే చేరుతుంది. పాత కోడ్‌లోని వరుసను యథాతథంగా ఎత్తి పెట్టేసరికి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ ప్రాంతం తలుపు మొత్తాన్నీ కప్పేసింది. తలుపు నడిబొడ్డున నొక్కినా గాస్కెట్ వివరణే వచ్చేది. గాస్కెట్ ఉంగరంలాంటిది. దాన్ని నిండు వృత్తంగా కాకుండా, లోపలి రంగు లేకుండా, కంటికి కనిపించని మందపాటి అంచు ఉన్న వృత్తంగా గీశాక ఉంగరం మీద నొక్కితేనే గాస్కెట్ పలికింది. ఎస్‌విజిలో లోపల రంగు వద్దని చెబితే లోపలి భాగం క్లిక్‌ను పట్టుకోదు, పారదర్శకమైన రంగు ఇస్తే పట్టుకుంటుంది. ఈ తేడా తెలియకపోతే రోజంతా వృథా అవుతుంది, నాకు అయింది.

గురి కుదిరాక పరిమాణం చిక్కు బయటపడింది. 1200 పిక్సెళ్ల బొమ్మ మీద 60 పిక్సెళ్లున్న గుర్తు, 360 పిక్సెళ్ల తెర మీద 18కి పడిపోతుంది. వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్‌ను వాడగలిగేలా రాసిన, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు నొక్కవలసిన చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు, వెడల్పు ఉండాలంటాయి. అంతకంటే మెరుగైన స్థాయికి 44 అడుగుతాయి. అందుకని గుర్తు ఎక్కడ ఉండాలన్నది బొమ్మతోపాటు మారేలా, ఎంత ఉండాలన్నది 44 దగ్గర స్థిరంగా ఉండేలా విడదీశాను. అప్పుడు ఫోన్ తెర మీద పక్కపక్కనే ఉన్న రెండు గేజ్‌ల గుర్తులు ఒకదాన్నొకటి తినేశాయి. ఒకే ఫొటోలో 14 భాగాలు పట్టవన్న సంగతిని ఆ ఇరుకే మొదటిసారి చెప్పింది. నేను వినిపించుకోలేదు, గుర్తులను కాస్త అటూ ఇటూ జరిపి పని కానిచ్చాను.

ఫోన్ ఫిర్యాదులు ఆగిపోయాయి. యంత్రం ముందు పరీక్ష ఫలితం మాత్రం మారలేదు. తర్వాతి జట్టులోనూ జల్లెడ దగ్గరికి వంగినవాళ్లు ఒకరిద్దరే.

రెండో ప్రయత్నం: అన్నీ నొక్కితేనే ముందుకు

జనం కొన్ని హాట్‌స్పాట్లను తెరవకుండానే దాటిపోతున్నారేమోనని తర్వాతి అనుమానం. 14 తెరిస్తే తప్ప ‘తర్వాత’ బటన్ పనిచేయకూడదని సంస్థ కోరింది. నాకు ఇష్టం లేకపోయినా, కాదనడానికి నా చేతిలో ఆధారం లేదు కాబట్టి ఒప్పుకున్నాను. ఎవరు ఏది ఎప్పుడు నొక్కారో తెలిస్తే ఆ ఆధారం దొరుకుతుందని, ప్రతి క్లిక్‌నూ సమయంతో సహా దాచే ఏర్పాటు మాత్రం జతచేశాను.

ఆ ఏర్పాటే మరో తలనొప్పి తెచ్చింది. కోర్సు స్కార్మ్ 1.2 ప్యాకేజీ, అంటే ఎల్‌ఎంఎస్‌తో సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒక ప్రమాణం ప్రకారం కట్టినది. మధ్యలో ఆపినవాళ్లు తిరిగి వచ్చినప్పుడు అక్కడినుంచే మొదలుపెట్టేందుకు సమాచారం దాచుకునే చోటుకు ఆ ప్రమాణంలో 4096 అక్షరాల హద్దు ఉంది. సమయాలతో సహా క్లిక్‌ల చిట్టా దాన్ని దాటిపోగానే, చదివినవాళ్లు మళ్లీ మొదటి పేజీకి వచ్చి పడ్డారు. తెరిచారా లేదా అన్న ఒక్క సంగతికి హాట్‌స్పాట్‌కు ఒక అంకె చొప్పున 14 అక్షరాలు మాత్రమే దాచి, మిగతా చిట్టాను విడిగా పంపే ఏర్పాటు చేశాక అది సద్దుమణిగింది.

చిట్టా చూస్తే కళ్లు తెరుచుకున్నాయి. చాలామంది పై ఎడమ మూలనుంచి మొదలుపెట్టి, మేకులు కొట్టినట్టు వరుసగా నొక్కుకుంటూ పోయారు. పాపప్ తెరవడానికీ మూయడానికీ మధ్య, అందులోని మొదటి వాక్యం చదవడానికి కూడా చాలని వ్యవధి. బటన్‌ను తెరిపించడమే వాళ్ల పని అయిపోయింది. తప్పు వాళ్లది కాదు. మేము అడిగింది నొక్కమని, వాళ్లు నొక్కారు.

పక్కన కూర్చుని చూసినప్పుడు

ఇక చిట్టాలు చూడటం ఆపి, ఆరుగురి పక్కన ఒక్కొక్కరి చొప్పున కూర్చుని వాళ్లు మాడ్యూల్ చేస్తుంటే చూశాను. ఈ పని మొట్టమొదటే చేయవలసింది. వాళ్లలో ఒకావిడ శ్రద్ధగా చదివే మనిషి, వేగంగా నొక్కుకుంటూ పోయే రకం కాదు. ఆవిడ జల్లెడ గుర్తును నొక్కింది. పాపప్ తెరుచుకుని సరిగ్గా జల్లెడనే కప్పేసింది. ‘ఛాంబర్ అడుగున, ముందువైపు’ అని చదివి, పాపప్ మూసి, బొమ్మలో అడుగు భాగం వెతికింది. అక్కడ కనిపించింది వెలుగుతూ ఆరుతున్న కూడిక గుర్తే. మళ్లీ తెరిచింది, మళ్లీ మూసింది. మూడోసారి వేలితో తెర మీద ఆ చోటును పట్టుకుని ఉంచి, రెండో చేత్తో పాపప్ తెరిచింది.

ఆ వేలు నాకు చాలా చెప్పింది. బొమ్మ ఒకచోట, మాట మరోచోట ఉంటే వాటిని కలపడానికే బుద్ధి ఖర్చవుతుందని విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ తదితరులు కాగ్నిటివ్ లోడ్ (బుద్ధి మీద పడే భారం) సిద్ధాంతంలో చెప్పిందీ, మాటను అది చెప్పే భాగం పక్కనే ఉంచమని అదే రంగానికి చెందిన రిచర్డ్ మేయర్ చెప్పిందీ నాకు తెలియనివి కావు. మా బొమ్మ వాటిని పక్కపక్కన ఉంచకపోవడమే కాదు, ఒకటి చూపాలంటే రెండోదాన్ని మూసేస్తోంది. పీడనం, ఉష్ణోగ్రత, జల్లెడ మూడింటినీ కలిపి చూడాలన్నది పాఠమైతే, ఒక్కసారికి ఒక్క పాపప్ మాత్రమే తెరుచుకునే అమరిక ఆ పాఠానికే అడ్డు.

మరో సంగతి కూడా ఆ ఆరుగురి దగ్గరే తేలింది. మాడ్యూల్ ముగిశాక గుర్తులు లేని అదే ఫొటో చూపి జల్లెడ ఎక్కడని అడిగితే, ముగ్గురు తడబడ్డారు. వాళ్లకు గుర్తున్నది కింద వరుసలో రెండో కూడిక గుర్తు. అసలు యంత్రం మీద కూడిక గుర్తులు ఉండవు. పైగా ఆ ఫొటో నిలువెత్తున నిలబడి తీసినది. ఆ ఎత్తునుంచి జల్లెడ చీకటిలో ఒక నల్లటి గీతలా తప్ప కనిపించదు. వంగితే తప్ప కనిపించని వస్తువును నిలబడే చూపించి, యంత్రం దగ్గర వంగలేదని మేము ఫిర్యాదు చేస్తున్నాం.

పనిచేసినది

మార్పుకు ముందు విషయ నిపుణురాలితో కూర్చుని 14 హాట్‌స్పాట్లలో ఒక్కొక్కదానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాం: దీన్ని నొక్కేటప్పుడు చదివే మనిషి ఏం తేల్చుకుంటున్నాడు? 14కీ జవాబు ‘ఏమీ లేదు’ అనే వచ్చింది. తేల్చుకోవలసింది లేనప్పుడు దాచిపెట్టడమెందుకు? అందుకని భాగాల పేర్లను పాపప్‌లలోంచి తీసి, గీతలతో బొమ్మ మీదే రాసేశాం. నొక్కవలసిన పనేమీ లేని, అన్నీ ఒకేసారి కనిపించే మామూలు పటం అది. ఇంటరాక్టివిటీ తగ్గిపోయిందని సంస్థలో ఒకరు నొచ్చుకున్నారు. తగ్గిన మాట నిజమే. పేర్లను ఫొటోలో కలిపేయకుండా దాని మీద అక్షరాలుగానే ఉంచాం, పెద్దవి చేసుకుని చదివేవాళ్లకూ, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకూ, రేపు మరో భాషలోకి మార్చేవాళ్లకూ అది అవసరం. ఒక్క ఫొటో స్థానంలో నాలుగు వచ్చాయి: ఎదుటి దృశ్యం, గేజ్‌ల దగ్గరి దృశ్యం, తలుపు అంచు, వంగి చూస్తే కనిపించే ఛాంబర్ అడుగు. నాలుగోదాన్ని నిపుణురాలు మోకాళ్ల మీద కూర్చుని తానే తీశారు.

క్లిక్‌ను తీర్పు కోసం మాత్రమే మిగుల్చుకున్నాం. ఒక సందర్భంలో గేజ్‌ల ఫొటోలో పీడనం 15 పీఎస్ఐ దగ్గర, ఉష్ణోగ్రత 112 డిగ్రీల దగ్గర ఉంటుంది. ‘మీరు మొదట ఎక్కడ చూస్తారు? ఆ చోటును నొక్కండి’ అని అడుగుతుంది. బొమ్మ మీద గుర్తులేవీ మెరవవు, ఏ ప్రాంతానికీ అంచు కనిపించదు. చదివే మనిషి ముందు రెండు గేజ్‌లు పొసగడం లేదని గమనించాలి, గాలి మిగిలి ఉందని ఊహించాలి, ఆపైన నాలుగు దృశ్యాల్లోంచి ఛాంబర్ అడుగును ఎంచుకుని జల్లెడను నొక్కాలి. పీడనం గేజ్‌ను నొక్కితే ‘తప్పు’ అని తోసిపుచ్చకుండా, ‘గేజ్ చెడిపోయి ఉండొచ్చు, కానీ రెండు గేజ్‌ల తేడాకు ముందు చూడవలసిన కారణం మరొకటుంది’ అని చెబుతుంది. తప్పు చోట్లకు జవాబులు రాయడానికే మాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఏ చోట నొక్కడం వెనుక ఎలాంటి ఆలోచన ఉంటుందో పరీక్ష తీసుకునే మనిషికే తెలుసు కాబట్టి ఆ వాక్యాలు నిపుణురాలివే, నేను కత్తిరించానంతే.

సరైన ప్రాంతాన్ని ఎంత పెద్దదిగా గీయాలన్నదీ తేలికగా తేలలేదు. మొదట జల్లెడ అంచు వెంబడి కచ్చితంగా గీస్తే, సరైన భాగాన్నే ఉద్దేశించి కాస్త పక్కన వేలు పడినవాళ్లు తప్పినట్టు లెక్కలోకి వచ్చారు. పెద్దదిగా గీస్తే అడుగున ఎక్కడ నొక్కినా ఒప్పయిపోతుంది. వేలి తడబాటును మన్నించాలి, ఆలోచనలో తప్పును మన్నించకూడదు అనుకుని, పక్క భాగం మొదలయ్యేదాకా హద్దును జరిపాం. పక్కన పోటీపడే భాగం లేని చోట ఉదారంగా ఉండటంలో నష్టమేమీ లేదు.

మౌస్ వాడలేని సభ్యుడొకరు జట్టులో ఉండటంతో కొత్త ప్రశ్న వచ్చింది. ట్యాబ్ కీ నొక్కితే సరైన ప్రాంతం మీద ఆగి దాని పేరు చదివి వినిపిస్తే, జవాబు చేతికిచ్చినట్టే. ఆ ప్రాంతాన్ని కీబోర్డుకు అందకుండా దాస్తే ఆ సభ్యుడు ప్రశ్నకు జవాబే ఇవ్వలేడు. చివరికి ఒప్పు, తప్పు అన్న తేడా లేకుండా బొమ్మలోని అన్ని భాగాలనూ బటన్లుగా చేశాం. అన్నింటికీ పటంలో ఉన్న పేర్లే, ట్యాబ్ వరుస కూడా పటంలో చదివే వరుసే. కీబోర్డుతో వచ్చే మనిషికీ అన్ని భాగాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవలసిన పనే మిగిలింది, ప్రశ్నలోని బరువు తగ్గలేదు. జవాబు వివరణ బొమ్మ కింద స్థిరమైన చోట వస్తుంది, దేన్నీ కప్పదు. మౌస్ తెస్తే తెరుచుకునేవన్నీ తీసేశాం. వేలితో తాకే తెర మీద అవి ఎలాగూ పనిచేయవు.

ఫలితం

తర్వాతి జట్టు యంత్రం ముందు పరీక్ష ఇచ్చినప్పుడు, ఎవరూ గుర్తుచేయకుండానే చాలామంది జల్లెడ దగ్గరికి వంగారని నిపుణురాలు చెప్పారు. ఆ జట్టు చిన్నది. పైగా మార్పుల చర్చల్లో నెలల తరబడి పాల్గొన్నాక నిపుణురాలు నేరుగా బోధించే తీరు కూడా కొంత మారి ఉంటుంది. కాబట్టి ఇదంతా బొమ్మ గొప్పతనమే అనను. ఒకటి మాత్రం బొమ్మవల్లే అని చెప్పగలను: గేజ్‌లు రెండూ చూసి ఆగి ఆలోచించడం. అంతకుముందు వాళ్లు రెండింటినీ విడివిడిగా చూసి, విడివిడిగా సరేననేవాళ్లు. తనిఖీ క్రమాన్ని మాత్రం ఇంకా తారుమారు చేస్తున్నారు. ఆ క్రమం మా బొమ్మలు నేర్పడం లేదు. దానికి హాట్‌స్పాట్లు సరైన సాధనం కాదని నా అభిప్రాయం, కాగితం మీది చెక్‌లిస్టు చాలు.

నేర్చుకున్నవి

రెండు ఫిర్యాదులు ఒకేసారి వచ్చినంత మాత్రాన వాటికి మూలం ఒకటే కానక్కరలేదు. కంటికి కనిపించే సాంకేతిక లోపం దొరికితే దాన్నే అన్నిటికీ కారణంగా ఒప్పుకోవడం చాలా సుఖంగా ఉంటుంది, నేనూ ఆ సుఖానికి లొంగాను. మొదటి వారంలోనే ఒక్కరి పక్కన కూర్చుని ఉంటే రెండు ప్రయత్నాల శ్రమ మిగిలేది.

ఈ కేసు తర్వాత హాట్‌స్పాట్ కోరే ప్రతి స్క్రీన్ దగ్గరా ఆగి, దాని వెనుక దాస్తున్నది సమాచారమా, జవాబా అని చూస్తున్నాను. సమాచారమైతే ఎక్కువసార్లు దాన్ని బయటికి తెచ్చి రాసేస్తాను. దీనికి మినహాయింపులు లేకపోలేదు: ఒకదానితో ఒకటి పోల్చవలసిన అవసరం లేని, నిడివి ఎక్కువున్న వివరణలు, లేదా యంత్రంలోంచి వచ్చే శబ్దాల్లాంటివి నొక్కితే తెరుచుకోవడమే మేలు. ఈ కోర్సులోనే ఆరో మాడ్యూల్‌లో తలుపు సరిగా మూసుకోనప్పుడు వచ్చే ఆవిరి కూత ఒక హాట్‌స్పాట్ వెనుకే ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు.

ఇటీవల సంస్థ వేరే మోడల్ యంత్రం కొన్నది. అందులో జల్లెడ ఛాంబర్ వెనుక భాగంలో ఉంది. భాగాల పేర్లు, ప్రశ్నలు, తప్పు చోట్లకు రాసిన జవాబులు ఫొటోలతో ముడిపడకుండా వేరే ఫైలులో ఉన్నాయి కాబట్టి, కొత్త ఫొటోల మీద ఆకారాలు తిరిగి గీస్తే సరిపోతుంది. మూడు ఫొటోలు వచ్చాయి. నాలుగోది, ఆ వెనుక భాగానిది, ఇంకా రాలేదు. కెమెరా పట్టే చోటు కోసం నిపుణురాలు వెతుకుతున్నారు.